పాత కారు షోరూమ్‌లో ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వాలా, బయట అమ్ముకోవాలా? లెక్క దగ్గర నుంచి ఆర్‌సీ మార్పు దాకా

కొత్త కారు బుక్ చేద్దామనుకునే వాళ్ళందరూ ఇదే అడుగుతున్నారు. "షోరూమ్‌వాళ్ళు పాత బండికి ఇంత ఇస్తామంటున్నారు, ఇచ్చేయమంటారా? బయట అమ్మితే ఇంకో యాభై వేలు వస్తుందంటున్నారు, నిజమేనా?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లో సొంత కారు, అంటే తెల్ల నంబర్ ప్లేటు ఉన్న బండి అమ్మేవాళ్ళ కోసం ఇది. టాక్సీ ప్లేటుకి కొన్ని విషయాలు వేరేగా ఉంటాయి.

ముందే క్లుప్తంగా చెప్పేస్తాను. రెండు దారుల మధ్య తేడా 20, 25 వేల లోపే ఉంటే ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేయండి, ఆ డబ్బుకి మీ సెలవు రోజులన్నీ ఫోన్లు ఎత్తడంలో పోగొట్టుకోవద్దు. తేడా అంతకంటే ఎక్కువ ఉండి, రెండు మూడు వారాలు ఆగగలిగితే సొంతంగా అమ్మండి. ఏ దారిలో వెళ్ళినా ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి: ఆర్‌సీ మీద పేరు మారేదాకా ఆ బండి చట్టం దృష్టిలో మీదే. చాలామంది ధర దగ్గర రెండు వేల కోసం గంట సేపు బేరమాడి, పేరు మార్పు సంగతి మాత్రం "మేం చూసుకుంటాం సార్" అనే ఒక్క మాట మీద వదిలేస్తారు. నన్ను నిజంగా బాధపెట్టేది అదే.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- ఒరిజినల్ ఆర్‌సీ (కార్డు పోతే ముందు డూప్లికేట్‌కి అప్లై చేయండి)
- గడువు ఉన్న ఇన్సూరెన్స్, గడువు ఉన్న పొల్యూషన్ సర్టిఫికెట్. ఇవి లేకపోతే పేరు మార్పు ముందుకి కదలదు.
- ఆధార్, పాన్ కాపీలు, ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్
- లోన్ మీద కొన్న బండి అయితే బ్యాంకు ఎన్‌ఓసీ (బాకీ లేదని, అభ్యంతరం లేదని ఇచ్చే లేఖ), ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీయించే ఫామ్ 35
- పేరు మార్పుకి ఫామ్ 29, ఫామ్ 30 (ఏది ఎందుకో 8వ భాగంలో చెప్తాను)
- సర్వీస్ బిల్లులు, రెండు తాళాలు, కొన్నప్పటి ఇన్‌వాయిస్ ఉంటే అది కూడా

రెండో తాళం ఎక్కడుందో ఇవాళే వెతకండి. కొనేవాళ్ళు తప్పకుండా అడుగుతారు, లేదంటే అక్కడే కొన్ని వేలు తగ్గిస్తారు. పైగా ఇంకో తాళం ఎవరి దగ్గరుందోనన్న అనుమానం వాళ్ళకి పట్టుకుంటుంది.

1. కాగితాల మీద మీ బండి పరిస్థితి చూసుకోండి

ఎంపరివాహన్ యాప్‌లో మీ నంబర్ కొట్టి చూడండి. ఓనర్ పేరు, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఎంట్రీ కనిపిస్తాయి. లోన్ తీరిపోయి అయిదేళ్ళయినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉన్న బండ్లు ఎన్నో ఉన్నాయి. చివరి ఈఎంఐ కట్టగానే ఆ పేరు దానంతటదే పోదు. బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫామ్ 35 పెట్టి ఆర్టీఏలో మీరే తీయించుకోవాలి. బ్యాంకుల ఎన్‌ఓసీకి సాధారణంగా మూడు నెలలే గడువు ఉంటుంది, అప్పుడెప్పుడో తీసుకుని బీరువాలో పెట్టింది ఇప్పుడు పనికిరాకపోవచ్చు. తేదీ చూసి, అవసరమైతే కొత్తది అడగండి.

లోన్ ఇంకా నడుస్తుంటే బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. ఎంత కడితే లోన్ మూసుకుంటుందో, ఏ తేదీ దాకా ఆ లెక్క చెల్లుతుందో దాంట్లో ఉంటుంది. ఇలాంటి బండికి ఎక్స్‌ఛేంజ్ దారి తేలిక, ఎందుకంటే షోరూమ్‌వాళ్ళు లోన్ కట్టేసి మిగిలింది లెక్కలో వేస్తారు. బయట అమ్మాలంటే కొనేవాళ్ళు బ్యాంకు బాకీ మేరకు డబ్బు నేరుగా మీ లోన్ ఖాతాలో కట్టేలా మాట్లాడుకోండి.

చలాన్లు కూడా ఇప్పుడే కట్టేయండి. రాష్ట్ర పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో ఒకసారి, పరివాహన్ ఈ-చలాన్‌లో ఒకసారి చూడండి, ఎందుకంటే బెంగళూరో చెన్నైయో వెళ్ళినప్పుడు పడిన చలాన్ మన రాష్ట్ర సైట్‌లో కనిపించకపోవచ్చు.

బండి నాన్నగారి పేరున ఉండి ఆయన కాలం చేసి ఉంటే, ఆయన పేరు మీద నుంచి నేరుగా కొనేవాళ్ళ పేరుకి మార్చడం కుదరదు. ముందు ఫామ్ 31 ద్వారా వారసుల పేరుకి మార్పించుకుని, ఆ తర్వాతే అమ్మకానికి పెట్టండి. ఆయన ఉండగా సంతకం చేసి ఉంచిన పాత ఫామ్‌లు ఉన్నాయి కదా అని వాటితో పని కానిచ్చే ఆలోచన మాత్రం చేయవద్దు.

2. ధర తెలుసుకోండి, కనీసం మూడు చోట్ల

ఓఎల్‌ఎక్స్ లాంటి చోట్ల మీ మోడల్, మీ సంవత్సరం, మీ ఇంధనం, దగ్గర దగ్గర అన్నే కిలోమీటర్లు తిరిగిన బండ్లు పది చూడండి. అక్కడ కనిపించేది అడిగే ధర. బేరం తెగే ధర దానికంటే తక్కువే ఉంటుంది. నెల రోజులుగా అమ్ముడుపోకుండా ఉన్న ప్రకటన ధరని మీ బండి ధర అనుకోవద్దు.

తర్వాత కార్స్24, స్పిన్నీ లాంటి పాత కార్లు కొనే కంపెనీల్లో ఒకటి రెండింటితో ఉచిత ఇన్‌స్పెక్షన్ చేయించండి. మారుతీ వాళ్ళ ట్రూ వాల్యూ, హ్యుందాయ్ వాళ్ళ హెచ్ ప్రామిస్ లాంటి చోట ఇంకో ధర అడగండి. మీ ఊళ్ళో కార్ కన్సల్టెన్సీ ఉంటే అక్కడ కూడా ఒక మాట అడిగి రండి. ఫోన్‌లో, యాప్‌లో చెప్పిన ధరని లెక్కలోకి తీసుకోకండి, బండి చూశాక చెప్పిందే ధర. ఈ ధరల్లో అన్నిటికంటే ఎక్కువది మీకు అట్టడుగు రేటు, దానికంటే తక్కువకి ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

ఒకటి గమనించండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం, దాని మీద సెస్సు ఉన్నది కాస్తా 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర తగ్గితే పాత బండి ధర కూడా దిగుతుంది. మీ బావమరిది అంతకు ముందు అమ్మిన ధర పట్టుకుని కూర్చుంటే మీ ప్రకటనకి ఫోన్లు రావు.

పక్క రాష్ట్రం బండి సంగతి కూడా చూసుకోండి. మీరు హైదరాబాద్‌లో ఉంటూ ఏపీ నంబర్ బండి వాడుతుంటే, ఇక్కడి కొనుగోలుదారు దాన్ని తన పేరుకి మార్చుకోవడానికి ఏపీ ఆర్టీఏ ఎన్‌ఓసీ (ఇది బ్యాంకుది కాదు, బండి రాష్ట్రం మారడానికి ఇచ్చేది) కావాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి. ఆ డబ్బంతా మీ ధరలోంచే తగ్గిస్తాడు. అలాంటప్పుడు విజయవాడలోనో గుంటూరులోనో అమ్మితేనే మంచి ధర వస్తుంది. హైదరాబాద్‌లో తెలంగాణ నంబర్ బండికి ఈ గొడవ లేదు, ప్లేటు మీద టీఎస్ ఉన్నా 2024లో వచ్చిన టీజీ ఉన్నా తేడా ఏమీ ఉండదు.

3. షోరూమ్‌వాళ్ళ లెక్కని విడదీయండి

ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. షోరూమ్‌వాళ్ళు పాత బండి ధర, ఎక్స్‌ఛేంజ్ బోనస్, కొత్త బండి డిస్కౌంట్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్ అన్నీ ఒకే కాగితం మీద కలిపేస్తారు. ఒకచోట పెంచి ఇంకోచోట కోసేస్తే మీకు కనిపించదు. అందుకే మొదటిసారి వెళ్ళినప్పుడు పాత బండి మాటే ఎత్తకండి. "ఎక్స్‌ఛేంజ్ లేదు, ఆన్‌రోడ్ ధర ఎంత, డిస్కౌంట్ ఎంత" అని అడిగి కొటేషన్ కాగితం మీద తీసుకోండి. ఆ తర్వాతే పాత బండి చూపించి రెండో కొటేషన్ అడగండి.

ఉదాహరణకి ఒక లెక్క చూద్దాం, అంకెలు నేను అనుకున్నవి. ఎక్స్‌ఛేంజ్ లేకుండా కొత్త కారు డిస్కౌంట్ పోను 9,80,000. ఎక్స్‌ఛేంజ్‌తో అయితే డిస్కౌంట్ తగ్గించేశారు కాబట్టి అదే కారు 10,00,000. పాత బండికి 3,70,000, బోనస్ 25,000, మొత్తం 3,95,000 ఇస్తామన్నారు. మీరు చేతి నుంచి కట్టేది 6,05,000. ఇప్పుడు 9,80,000లోంచి 6,05,000 తీసేయండి. మీ పాత బండికి నిజంగా వచ్చింది 3,75,000. వాళ్ళు చెప్పిన 3,95,000 కాగితం మీద అంకె మాత్రమే.

ఈ తీసివేత ఒక్కటి చేస్తే చాలు, ఏ షోరూమ్ ఆఫర్ అయినా దాని అసలు విలువ బయటపడుతుంది. బయట అదే బండికి 4,30,000 వస్తుందనుకుంటే, చిన్నాచితకా రిపేర్లకి, వాషింగ్‌కి, ప్రకటనకి 11,000 తీసేయండి, 4,19,000 మిగులుతుంది. తేడా 44,000. అది మీ శ్రమకి సరిపోతుందో లేదో మీరే చెప్పుకోగలరు.

ఇంకో విషయం, ఎక్స్‌ఛేంజ్ బోనస్ కంపెనీ ఇచ్చేది. కొన్ని కంపెనీలు మీరు పాత బండి బయట అమ్మినా, పేరు మారిన ఆర్‌సీ కాపీ చూపిస్తే ఆ బోనస్ ఇస్తాయి. అడిగితే పోయేదేమీ లేదు, ఇస్తామంటే ఎన్ని రోజుల్లోపు కాపీ ఇవ్వాలో కూడా రాయించుకోండి.

(టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ళు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. అక్కడ ఎక్స్‌ఛేంజ్ చేస్తే పాత కారు విలువ పోను మిగిలిన మొత్తం మీదే సేల్స్ టాక్స్ పడుతుంది, అందుకని అక్కడ లెక్క ఎక్స్‌ఛేంజ్ వైపు కొంత మొగ్గుతుంది. కాలిఫోర్నియాలో ఆ వెసులుబాటు లేదు. మన దగ్గర కూడా లేదు.)

4. బండిని చూపించడానికి సిద్ధం చేయండి

లోపలా బయటా మంచి క్లీనింగ్ చేయించండి, దానికి పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. మాడిన బల్బులు, పనిచేయని హారన్, వైపర్ బ్లేడ్లు, ఏసీ గ్యాస్ లాంటివి సరిచేయించండి. అమ్మడానికని కొత్త టైర్లు వేయించడం, బండి మొత్తానికి పెయింట్ కొట్టించడం మాత్రం చేయకండి. పెట్టింది రాదు, పైగా కొత్త పెయింట్ చూడగానే "ఏదో యాక్సిడెంట్ దాచారు" అనుకుంటారు. చిన్న గీతలు అలాగే ఉండనివ్వండి.

మీటర్ వెనక్కి తిప్పించమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. అది మోసం. అధీకృత సర్వీస్ సెంటర్‌లో ప్రతి సర్వీస్‌కీ కిలోమీటర్లు నమోదై ఉంటాయి కాబట్టి దొరికిపోతారు కూడా. అలాగే ఆర్‌సీలో నమోదు కాని గ్యాస్ కిట్ ఉంటే ముందు దాని సంగతి తేల్చండి, అలాగే ఉంచి అమ్మితే పేరు మార్పు దగ్గర ఆగుతుంది.

5. ప్రకటన పెట్టండి

పొద్దున్న వెలుతురులో ఫోటోలు తీయండి: నాలుగు వైపులా, డాష్‌బోర్డు, మీటర్ రీడింగ్, ఇంజిన్, డిక్కీ, టైర్లు, సొట్టలు గీతలు ఉంటే వాటి దగ్గరి ఫోటోలు. లోపాలు ముందే చూపిస్తే వచ్చేవాళ్ళు తగ్గుతారు, కానీ వచ్చినవాళ్ళు కొనేవాళ్ళు అవుతారు. నంబర్ ప్లేటు చివరి అంకెలు కప్పేయండి.

రాయాల్సింది ఇంతే: మోడల్, వేరియంట్, తయారైన సంవత్సరం, రిజిస్ట్రేషన్ సంవత్సరం, ఎన్నో ఓనర్, కిలోమీటర్లు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, లోన్ ఉందా లేదా, ధర. అట్టడుగు ధరకి ఓ 7, 8 శాతం పైన పెట్టండి, బేరం లేకుండా మనవాళ్ళు కొనరు. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ కంటే ముందు అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీస్ గ్రూపులో, చుట్టాల్లో చెప్పండి. తెలిసినవాళ్ళకి అమ్మితే మొహమాటానికి కొంత తగ్గించాల్సి వస్తుంది, అయినా పేరు మార్పు టెన్షన్ తక్కువ. కాకపోతే తెలిసినవాళ్ళే కదా అని ఫామ్‌ల పని మాత్రం వాయిదా వేయకండి.

కాలం కూడా చూసుకోండి. ఉగాదికి, దసరాకి ముందు కొనేవాళ్ళు ఎక్కువ. ఆషాఢంలో, మూఢంలో కొనేవాళ్ళు వెనకాడతారు. డిసెంబర్ దాటి జనవరి వచ్చిందంటే మీ బండికి ఒక ఏడాది వయసు పెరిగినట్టే మాట్లాడతారు. ఈ ఏడాదే అమ్మాలనుకుంటే నవంబర్‌లోపు పని మొదలుపెట్టండి.

ఆర్‌సీ ఫోటో పంపమని వాట్సాప్‌లో అడిగిన ప్రతి ఒక్కరికీ పంపకండి. బండి చూసి ఇష్టపడ్డాక ఇవ్వండి, ఇచ్చేటప్పుడు కాపీ మీద అడ్డంగా "ఈ బండి అమ్మకం పరిశీలన కోసం మాత్రమే" అని తేదీతో రాయండి. ఆధార్ కాపీ అయితే పేరు మార్పు రోజు దాకా ఎవరికీ అక్కర్లేదు.

6. చూడటానికి వచ్చినప్పుడు

పగటిపూట రమ్మనండి, మీ అపార్ట్‌మెంట్‌లో సీసీ కెమెరా ఉన్నచోట బండి పెట్టండి. ఇంకొకరిని తోడు ఉంచుకోండి. టెస్ట్ డ్రైవ్ ఇచ్చే ముందు వచ్చినాయన డ్రైవింగ్ లైసెన్స్ ఫోటో తీసుకోండి, పక్క సీట్లో మీరే కూర్చోండి. డ్రైవర్ మారేటప్పుడు ఇంజిన్ ఆపి, తాళం మీ చేతిలోకి తీసుకున్నాకే దిగండి. మామూలు తాళాలకే ఈ జాగ్రత్త, పుష్ బటన్ బండి అయితే కీ మీ జేబులోనే ఉంచుకోండి.

మెకానిక్‌ని తెచ్చుకుంటానంటే సంతోషంగా ఒప్పుకోండి. వాళ్ళ మెకానిక్ చెప్పే ప్రతి లోపానికీ అక్కడే ధర తగ్గించక్కర్లేదు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు మీ దగ్గరుంటే అది చూపించి, "ఇవన్నీ చూసే ఈ ధర పెట్టాం" అనండి.

7. అడ్వాన్స్, డబ్బు

ధర కుదిరితే అడ్వాన్స్ తీసుకోండి, బ్యాంకు ద్వారానే. మంగళవారమో అమావాస్యో అయితే రేపు ఇస్తామంటారు, ఆగండి, కానీ అడ్వాన్స్ లేకుండా మిగతావాళ్ళని వద్దనకండి. మొత్తం ధర, మిగతాది ఎప్పటిలోగా, మాట తప్పితే అడ్వాన్స్ ఏమవుతుంది, పేరు మార్పు ఖర్చు ఎవరిది: ఇవన్నీ వాట్సాప్‌లో మెసేజ్‌గా అయినా రాసి పంపి, సరేనని జవాబు తెప్పించుకోండి.

- నగదు: ఒక లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చు. ఒకే బండి డబ్బుని రెండు మూడు రోజులకి పంచి తీసుకున్నా అది ఒకే లావాదేవీ. "సగం క్యాష్ ఇస్తాను" అంటే వద్దనండి.
- ఆర్‌టీజీఎస్, నెఫ్ట్: అన్నిటికంటే మంచివి. రెండూ ఇప్పుడు రోజంతా, సెలవుల్లో కూడా పనిచేస్తాయి కాబట్టి "ఇవాళ ఆదివారం, డబ్బు రేపు పడుతుంది, బండి ఇవ్వండి" అనే మాట నమ్మకండి.
- చెక్కు: క్లియర్ అయ్యేదాకా అది ఉత్త కాగితం. డీడీ కూడా నకిలీవి తయారు చేస్తున్నారు. డీడీయే ఇస్తామంటే వాళ్ళతో బ్యాంకుకి వెళ్ళి మీ ముందే తీయించండి.
- యూపీఐ: డబ్బు తీసుకోవడానికి మీరు పిన్ కొట్టక్కర్లేదు, ఏ క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు. "ఆర్మీలో పనిచేస్తున్నాను, బండి చూడకుండానే కొంటాను, ఈ కోడ్ స్కాన్ చేయండి, అడ్వాన్స్ పడుతుంది" అని ఫోన్ వస్తే వెంటనే పెట్టేసి బ్లాక్ చేయండి.

డబ్బు పడిందో లేదో మీ బ్యాంకు యాప్‌లో మీరే లాగిన్ అయి, బ్యాలెన్స్ చూసి నిర్ధారించుకోండి. ఎస్‌ఎంఎస్ చూసి కాదు, వాళ్ళు చూపించిన స్క్రీన్‌షాట్ చూసి అసలే కాదు.

పన్ను గురించి కూడా అడుగుతున్నారు. 2025 జనవరి నుంచి పాత కార్ల మీద 18 శాతం జీఎస్టీ అని వార్తలొచ్చాయి, అది వ్యాపారం చేసే రిజిస్టర్డ్ డీలర్ల లాభం మీద. మీరు మీ సొంత బండిని ఇంకొకరికి అమ్మితే జీఎస్టీ లేదు. వ్యాపారంలో తరుగుదల చూపించని సొంత కారైతే క్యాపిటల్ గెయిన్స్ పన్ను కూడా లేదు.

8. పేరు మార్పు: ఇది మీరే దగ్గరుండి చేయించండి

ఫామ్ 29 అంటే మీరు బండి అమ్మినట్టు ఆర్టీఏకి చెప్పే కాగితం. ఫామ్ 30 అంటే ఇద్దరూ కలిసి పేరు మార్చమని పెట్టే దరఖాస్తు. మోటారు వాహనాల చట్టం ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో, బయటి రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో మీరు తెలియజేయాలి. కొన్నవాళ్ళకి 30 రోజులు. బండి బయటి రాష్ట్రానికి వెళ్తుంటే ఫామ్ 28తో ఎన్‌ఓసీ కూడా తీయాలి.

2018లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. బండి ఒకరి నుంచి ఇంకొకరికి చేతులు మారుతూ పోయింది, ఎవరూ పేరు మార్పించుకోలేదు, ఈలోగా ప్రమాదం జరిగింది. పరిహారం బాధ్యత ఆర్‌సీ మీద పేరున్న మొదటి ఓనర్‌దేనని కోర్టు తేల్చింది. బండి అమ్మి రెండేళ్ళు కావస్తున్నా ఆయనకి తప్పలేదు. స్టాంపు పేపర్ మీద రాసుకున్న అమ్మకం కాగితం ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఆ కాగితం మీకూ కొన్నాయనకీ మధ్య పనికొస్తుంది, గాయపడిన మూడో మనిషి ముందు అది మిమ్మల్ని కాపాడదు.

నా సలహా వరస ఇది:

- మిగతా డబ్బు ఖాతాలో పడిన రోజే ఇద్దరూ కూర్చుని దరఖాస్తు నింపండి, ఫీజు కట్టండి, స్లాట్ అవసరమైతే బుక్ చేయండి. ఏజెంటుని పెట్టుకుంటే పెట్టుకోండి, కానీ దరఖాస్తు నంబర్ మీ ఫోన్‌లో ఉండాలి.
- ఖాళీ ఫామ్‌ల మీద సంతకం పెట్టకండి. కొనేవాళ్ళ పేరు, చిరునామా, తేదీ, ఛాసిస్ నంబర్ నింపాకే సంతకం. కన్సల్టెన్సీ వాళ్ళు ఖాళీ ఫామ్‌లు ఎందుకు అడుగుతారంటే, వాళ్ళ పేరు ఎక్కకుండా తర్వాత దొరికిన కొనుగోలుదారు పేరు రాసుకోవడానికి. ఆ మధ్యలో ఎన్ని నెలలైనా బండి మీ పేరునే తిరుగుతుంది.
- కొనేవాళ్ళు బండి వెంటనే తీసుకెళ్తామంటే, పేరు మార్పు డిపాజిట్ అని ఓ 10,000 వేరేగా తీసుకుని, ఆర్‌సీ మారాక తిరిగిస్తానని రాసివ్వండి. ఆ డబ్బు వాళ్ళని ఆర్టీఏ దాకా నడిపిస్తుంది.
- డెలివరీ నోట్ రెండు కాపీలు రాయండి: బండి నంబర్, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, ధర, మీటర్ రీడింగ్, తేదీ, ఎన్ని గంటలకి ఇచ్చారో. గంట ఎందుకంటే, అదే సాయంత్రం చలాన్ పడితే ఎవరిదో తేలాలి కదా.

ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేవాళ్ళు కూడా ఇక్కడ తప్పించుకోలేరు. షోరూమ్ తరచుగా మీ బండిని తన దగ్గర ఉంచుకోకుండా ఒక బ్రోకర్‌కి అమ్మేస్తుంది, అతను ఇంకొకరికి అమ్ముతాడు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఆర్టీఏ నుంచి ఆథరైజేషన్ ఉన్న పాత కార్ల డీలర్, ఫామ్ 29సీ ద్వారా బండి తన చేతికి వచ్చినట్టు నమోదు చేసుకోవచ్చు, అప్పటి నుంచి బాధ్యత డీలర్‌ది అవుతుంది. "మీకు ఆథరైజేషన్ ఉందా, 29సీ నమోదు చేసి నాకు రసీదు ఇస్తారా" అని సూటిగా అడగండి. ఉందంటే మీకు చాలా పెద్ద నిశ్చింత. లేదంటే కంపెనీ లెటర్‌హెడ్ మీద, సీలుతో, బండి తీసుకున్న తేదీ, గంట, అప్పటి నుంచి చలాన్లు ప్రమాదాలు తమ బాధ్యత అన్న మాట, ఎన్ని రోజుల్లో పేరు మారుస్తారో, అన్నీ రాయించుకోండి. సేల్స్‌మ్యాన్ మాట ఇస్తాడు, ఆర్నెల్లకి వేరే షోరూమ్‌కి వెళ్ళిపోతాడు. కాగితం మీ దగ్గరే ఉంటుంది.

9. బండి అప్పగించే రోజు

ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకుకి చెప్పి మూసేయించండి, స్టిక్కర్ చింపేయండి. మర్చిపోతే వాళ్ళు తిరుపతి వెళ్ళొచ్చిన టోల్ మొత్తం మీ ఖాతాలోంచి పోతుంది. కారు యాప్, అంటే బ్లూలింక్, కియా కనెక్ట్ లాంటివి ఉంటే మీ అకౌంట్ నుంచి బండిని తీసేయండి. స్క్రీన్‌లో బ్లూటూత్ ఫోన్లు, కాంటాక్టులు, ఇంటి అడ్రసు చెరిపేసి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. డాష్‌క్యామ్ కార్డు, అపార్ట్‌మెంట్ స్టిక్కర్, ఆఫీస్ పాస్ తీసుకోండి. గ్లవ్ బాక్సు, సీట్ల కింద, స్టెప్నీ కింద ఒకసారి చెయ్యి పెట్టి వెతకండి.

ఇన్సూరెన్స్ విషయంలో రెండు పనులు. పాలసీని కొన్నవాళ్ళు తమ పేరుకి మార్చుకోవాలి, దానికి 14 రోజులే గడువు, వాళ్ళకి గుర్తు చేయండి. మీ నో క్లెయిమ్ బోనస్ మాత్రం మీదే, అది బండితో పోదు. ఇన్సూరెన్స్ కంపెనీకి అమ్మకం కాగితాలు పంపి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ళలోపు ఎప్పుడైనా కొత్త కారు పాలసీకి వాడుకోవచ్చు. అయిదేళ్ళు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మీ బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, 50 శాతం తగ్గుతుంది. షోరూమ్‌వాళ్ళు దీని గురించి చాలాసార్లు అడగనే అడగరు, మీరే చెప్పాలి.

10. పని పూర్తయిందో లేదో చూసుకోండి

వారానికోసారి దరఖాస్తు స్టేటస్ చూడండి. ఎంపరివాహన్‌లో నంబర్ కొడితే ఓనర్ పేరు కొన్ని అక్షరాలే కనిపించినా, అది మీ పేరో కాదో తెలిసిపోతుంది. పేరు మారాక కొత్త ఆర్‌సీ కాపీ తెప్పించుకుని దాచండి, డిపాజిట్ తీసుకుని ఉంటే అప్పుడు తిరిగివ్వండి. ఈ-చలాన్ సైట్‌లో మరో రెండు నెలలు అప్పుడప్పుడు చూస్తూ ఉండండి.

నెల దాటినా పేరు మారలేదు, ఫోన్ ఎత్తట్లేదు అంటే ఊరుకోకండి. ఫామ్ 29, డెలివరీ నోట్ కాపీ జతచేసి మీ ఆర్టీఏ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. కొన్నవాళ్ళకి స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి. అదే లేఖ కాపీ మీ పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి స్టాంపు వేయించుకోండి. చలాన్ వస్తే డెలివరీ నోట్‌తో ట్రాఫిక్ పోలీసులకి ఫిర్యాదు చేయండి. ఇవన్నీ చేసినా ఆర్‌సీలో పేరు దానంతటదే మారదు, కాబట్టి వాళ్ళని కూర్చోబెట్టి ట్రాన్స్‌ఫర్ చేయించే ప్రయత్నం ఆపకండి. ఈలోగా ఆ బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ గడువు ముగిసిపోతుంటే, మీ జేబులోంచి అయినా సరే రెన్యువల్ చేయండి. కొన్నవాళ్ళ దగ్గర ఆ డబ్బు తర్వాత వసూలు చేసుకోవచ్చు.